వెలిసిన నీలిగీత



మన భాషలో 'వెలిసినది' అను మాట చిత్రమైనది. దేవుడు వెలిసెననినచో కానరానిది కనబడెనని అర్థము. రంగు వెలిసెననినచో కనబడుచున్నది కానరాకపోయెనని అర్థము. నేడు నేను చెప్పదలచినది ఈ రెండవ వెలియుటను గూర్చి. పెద్ద కాగితములమీద పటములను ముద్రించు యంత్రమొకటి కలదు. పట్టణములలో దానిని ప్లాటరు అందురు. అది ఒక్కొక్కప్పుడు రంగును పలుచగా ముద్రించును. ఏల అట్లు జరుగునో తెలిసికొనబోయినచో, ఆ కథ నూట ఎనుబది యేండ్లకు పైగా వెనుకకు పోవును. మా యూర ఒక తగవు రాకున్నచో నేనును దీనిని పట్టించుకొనియుండను.

మా చెరువునకు వాగునుండి ఒక కాలువగుండ నీరు వచ్చెడిది. వానలు తప్పిన యేండ్లలో ఆ కాలువ పూడినది. ఇరుప్రక్కల చేలగట్లు మెల్లగా దానిలోనికి జరిగినవి. దానిని తిరిగి త్రవ్వింపవలెనని పెద్దలు తలపెట్టగా, అది ఏయే చేలనుండి పోయెడిదో తేల్చవలసివచ్చెను. మా యింట పాత గ్రామపటము ప్రతి యొకటి యున్నది. అందు పొలముల హద్దులు నల్లగీతలు. నీటిదారులకు ఎవరో చేతితో నీలిరంగు పూసిరి. కాగితము మడతలయొద్ద చినుగుచున్నది. పదిమందియు ఒక్కసారి చూచుటకు వీలగునట్లు దానిని స్కాను చేయించి, మూడడుగుల వెడల్పున ముద్రింపించి తెమ్మని ఒక పిల్లవానిని పట్టణమునకు పంపితిమి. అతడు క్రొత్త ప్రతిని తెచ్చెను. చినిగిన మడతలకు అతుకు వేయుదురనగా అసలు పటమును దుకాణముననే విడిచివచ్చెను.

రచ్చబండమీద పటము పరచితిమి. కాలువ పోయినదని మేమనుకొనిన చేని ఆసామి వంగి చూచి, "మాస్టారూ, పటంలో లేని కాలువ నా చేలోకి ఎక్కడినుంచి వచ్చిందండీ?" అనెను. నేనును కళ్ళజోడు సవరించుకొని చూచితిని. నల్లగీతలు కత్తితో గీసినట్లున్నవి. నీలిగీత చెరువునొద్ద లేతగా మొదలై మూడు చేలు దాటకమునుపే కాగితములో కలిసిపోయినది. ఆయన చెప్పినది కండ్లకు కనబడుచున్న మాటయే. ఐనను గుంపులో నొకరు ఆయనను భూమి మ్రింగువాడనిరి. ఆయన కండువా దులుపుకొని లేచిపోయెను. నలుబది యేండ్లుగా నే నెరిగిన మనిషి. అట్టి మాట పడినవాడు కాడు. మరునాటి ఉదయమున ఆయనను వెంటబెట్టుకొని నేనే పట్టణమునకు పోతిని.

దుకాణములో జరిగినది చెప్పుటకు ముందు, ఆ యంత్రము ఎట్లు పుట్టినదో చెప్పవలెను. దాని పుట్టుకలోనే దాని జాడ్యమును గలదు.

పెద్దపటమునకు ప్రతి తీయుట మొదట చేతిపని. అసలుమీద పలుచని కాగితము పరచి ఒక్కొక్క గీతను సిరాతో దిద్దుచుండిరి. 1842లో ఇంగ్లండు దేశీయుడైన సర్ జాన్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్తదారి చూపెను. 1781లో యురేనస్ గ్రహమును కనుగొనిన విలియం హెర్షెలునకు ఈయన కుమారుడు. ఇనుమునకు సంబంధించిన రెండు లవణములను నీట కలిపి, కాగితమునకు పూసి, చీకటిలో ఆరబెట్టవలెను. దానిమీద పటము గీసిన పలుచని కాగితము నుంచి ఎండలో పెట్టవలెను. పిమ్మట నీట కడిగినచో ఎండ తగిలిన తావెల్ల ముదురునీలమగును. గీతల నీడ పడిన చోటు తెల్లగా మిగులును. మరుసటి యేడే అన్నా అట్కిన్స్ అను విదుషి ఈ పద్ధతితో సముద్రపు నాచుల చిత్రములను సంపుటముగా వెలువరింప నారంభించెను. ఇంజినీర్లు దీనిని చేపట్టి బ్లూప్రింటు అనిరి. వంతెనలకు, ఓడలకు, భవనములకు ఈ నీలికాగితములే చిరకాలము ఆధారములైనవి.

ఆ కాగితమును వెలియుచుండెడిది. ఎండ చాలనిచో నీలము పలుచబడెడిది. పూసిన మందు పాతదైనచో తెల్లగీతలను నీలము క్రమ్మెడిది. కావున పనివాడు ముందుగా చిన్నముక్కను ఎండలో పెట్టి, కడిగి, రంగు చూచుకొని, పిమ్మటనే పెద్దకాగితమును పెట్టుట మంచి పద్ధతి. ఈ చిన్నముక్కను మీరు గుర్తుంచుకొనుడు. నా కథలో అది మరల వచ్చును. ఆ నీలమునకు మరియొక వింతగుణము గలదు. చిరకాలము వెలుతురులో నుండి వెలిసిన బ్లూప్రింటును చీకటిపెట్టెలో నుంచినచో, పోయిన రంగు చాలవరకు తిరిగివచ్చును. సున్నము, సబ్బు వంటి క్షారములు తగిలి పోయిన రంగు మాత్రము అట్లు రాదు. అనగా వెలిసిన ప్రతి గీతయు ఒక్క కారణముచే వెలియదు. కారణము తెలియక చికిత్స లేదు.

ఇరువదవ శతాబ్దమున అమోనియా ఆవిరితో ప్రతులు తీయు పద్ధతి వచ్చి బ్లూప్రింటును వెనుకకు నెట్టినది. మన ఇంజినీర్ల కార్యాలయములలో పనిచేసిన పెద్దలకు ఆ ఘాటువాసన ఇంకను జ్ఞాపకముండును. 1959లో అమెరికాలో కాల్‌కాంప్ అను సంస్థ కంప్యూటరు ఆజ్ఞను బట్టి తానే గీతలు గీయు ప్లాటరును విడుదల చేసినది. డోలువంటి గొట్టముమీద కాగితము ముందువెనుకలకు తిరుగుచుండగా, దానిపై కలము అడ్డముగా కదలుచు గీయును. అందును కలము పాళీ ఎండినచో గీత తెగును. కాని కలము ఒక్కటే గనుక ఎండిన సంగతి వెంటనే తెలియును.

కలము కాగితమును తాకకయే వ్రాయు ఊహ అంతకుమునుపే గలదు. సముద్రగర్భపు తంతివార్తలను నమోదు చేయుటకై 1867లో విలియం థామ్సన్, తరువాతి కాలమున లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధుడైనవాడు, వెండ్రుకవంటి గాజుగొట్టముగుండ సిరాను కాగితముపై చిమ్మించు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. నీటిధార చివరివరకు ధారగా నిలువక బొట్లుబొట్లుగా ఏల విడిపోవునో 1878లో లార్డ్ రేలీ గణితముతో వివరించెను. స్వీడను దేశమున రూనే ఎల్మ్‌క్విస్ట్ అను వైద్య ఇంజినీరు సన్నని సిరాధారతో గుండె కొట్టుకొను తీరును గీయు యంత్రమును నిర్మించి, 1951లో అమెరికాలో దానికి హక్కుపత్రము పొందెను. 1958లో మనిషి శరీరములో తొలిసారిగా అమర్చిన గుండె పేస్‌మేకరును రూపొందించినవాడును ఈయనయే.

ఎల్మ్‌క్విస్టు యంత్రములో సిరా ఎడతెగక పారుచుండును. పారు నీరు పాచిపట్టదన్నట్లు, పారు సిరాకు ఎండుటకు వ్యవధి లేదు. కాని అక్షరములను, చిత్రములను ముద్రించునప్పుడు చాలభాగము సిరాతో పని యుండదు. ఆ మిగులుసిరాను మరల పట్టుకొనుటకు పెద్ద ఏర్పాటు కావలెను. అందువలన కావలసినప్పుడు మాత్రమే బొట్టును విడుచు యంత్రమునకై పలువురు యత్నించిరి. దానికి రెండు మార్గములు దొరకినవి. మొదటిది ఒత్తిడి మార్గము. కొన్ని స్ఫటికములను ఒత్తినచో వాటియందు విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. దానికి విపర్యయముగ విద్యుత్తు నిచ్చినచో అట్టి పదార్థము వంగి, వెనుకనున్న సిరాను పిచికారివలె నెట్టును. రెండవది వేడి మార్గము. 1977లో జపాను దేశమున కానన్ సంస్థయందు ఇచిరో ఎండో అను పరిశోధకుడు పనిచేయుచుండగా, సిరా నిండిన సూదికి కాగిన సోల్డరింగు ఇనుము పొరపాటున తగిలినది. తటాలున సూదిమొననుండి సిరా చిమ్మినది. వేడికి సిరాలో నొక బుడగ పుట్టి, ముందున్న సిరాను నెట్టినదని ఆయన గ్రహించెను. కొలదికాలములోనే అమెరికాలోని హ్యూలెట్ పాకార్డ్ సంస్థవారును ఇదే సూత్రమును వేరుగా కనుగొని, 1984లో థింక్‌జెట్ అను చిన్నయంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. దానికి రంధ్రములు 12 మాత్రమే. 1991లో వారే వెడల్పు కాగితములకు డిజైన్‌జెట్ అను యంత్రమును విడుదల చేసిరి. నేటి యంత్రములలో ఒక్కొక్క రంగునకు వందలకొలది రంధ్రములుండును. లీటరును లక్షకోట్ల భాగములు చేసినచో, అట్టి భాగములు కొద్దిపాటివే ఒక్కొక్క బొట్టు.

చౌక, చిన్నతనము ఈ మార్గముతో వచ్చినవి. వాటి వెంట జాడ్యమును వచ్చినది. పిలిచినప్పుడే పలుకు రంధ్రము, పిలువనప్పుడు గాలికి నోరు తెరచుకొని యుండును. వెండ్రుకకంటె సన్నని ఆ నోటియొద్ద సిరాలోని నీరు ఆవిరియై చిక్కని పొర కట్టును. వందలలో నాలుగు రంధ్రములు మూసికొన్నచో సన్నని తెల్లచారలు పడును. సగము మూసికొన్నచో రంగే పలుచబడును. పాతకలము తెగినట్లు గీత ఒక్కసారి తెగదు గనుక చూచువాడు మోసపోవును. సిరాబుడ్డి నిండుగానే యుండును. చెరువు నిండియుండియు తూము పూడినచో మడి తడవనట్లే ఇదియు.

ఈ జాడ్యమును నిర్మాతలు ఎరుగుదురు. కావుననే పని లేనప్పుడు రంధ్రముల వరుస ఒక రబ్బరుటోపీమీద చేరి మూసికొనునట్లు ఏర్పాటు చేసిరి. నోటిని తుడుచుటకు ఒక రబ్బరుపలక, లోని గాలిని, ఎండిన సిరాను పీల్చుటకు ఒక పంపు నుండును. టోపీ అంచున సిరా గడ్డకట్టినచో ఆ మూత సరిగా పడదు. మూత పడనిచో రాత్రికి రాత్రి నోరు ఎండును.

ఇప్పుడు దుకాణమునకు వత్తము. దానిని నడుపు యువకుడు మంచివాడే. మా పటమును చూడగానే, "ఇంకు అయిపోవచ్చిందేమో" యని నీలిసిరాడబ్బాను మార్చెను. దానికి వేలరూపాయలగునని తరువాత తెలిసినది. మరల ముద్రించినచో గీత అట్లే యున్నది. కాగితము మంచిది కాదని వేరు కాగితపుచుట్టను పెట్టెను. అప్పుడును అంతే. అంతట యంత్రమే పాతబడినదని నిట్టూర్చెను. ఈలోగా నాతో వచ్చిన ఆసామి యంత్రపుమూతగుండ తొంగి తొంగి చూచుచు, "బాబూ, మందు కొట్టే పంపుకు నాజిలు పూడితే సగం సాలుకే మందు పడుతుంది. పంపులో మందు నిండుగానే ఉంటుంది. దీనికి నాజిళ్ళు లేవా?" అని యడిగెను.

యువకుడు ఒక క్షణ మూరకుండెను. పిమ్మట యంత్రముచేతనే పరీక్షపత్రము నొకదానిని ముద్రింపించెను. బ్లూప్రింటు పనివాని చిన్నముక్కకు ఇది వారసురాలు. ప్రతి రంధ్రమును ఒక చిన్నగీత గీయును. అన్నియు కలిసి నిచ్చెనమెట్లవలె కనబడును. నలుపు, పసుపు, ఎరుపు నిచ్చెనలు నిండుగా నున్నవి. నీలి నిచ్చెనకు సగముపైగా మెట్లు లేవు. ఇంటిలో పెండ్లి యగుటచే మే మాసమున పదునాలుగు దినములు దుకాణము మూసితినని అతడు అప్పుడు చెప్పెను. దీపముపెట్టి చూడగా, నీలివరుస క్రింది రబ్బరుటోపీ అంచున సిరా అట్టగట్టియున్నది.

అతడు నిర్మాతలిచ్చిన ద్రవముతో, నూగు రాలని మెత్తని గుడ్డతో ఆ అంచును తుడిచెను. పిమ్మట యంత్రముచేత రెండుమారులు నోళ్ళు కడిగించెను. మూడవమారు కడుగబోవుచు ఆగెను. కడిగిన ప్రతిసారియు మంచిసిరా వ్యర్థపుతొట్టిలోనికి పోవును. విరామము లేక కడిగినంతమాత్రమున ఎండినది కరుగదు. నానుటకు వ్యవధి కావలెను. సూదితో పొడిచినచో రంధ్రము శాశ్వతముగ చెడును. "పొద్దున్నే రండి మాస్టారూ, రాత్రికి నాననిద్దాం" అనెను. మేమా రాత్రి పట్టణముననే యుంటిమి. ఉదయమున మరియొక్కమారు కడిగి పరీక్షింపగా నీలి నిచ్చెనకు మెట్లన్నియు వచ్చినవి.

నేనీ అనుభవమునుండి నేర్చిన వరుస ఇది. ముద్రణ పలుచబడినచో ఖర్చు లేనిదానినుండి ఖర్చుగలదానివైపు నడువవలెను. మొదట కంప్యూటరులో చిత్రమే పలుచగా నున్నదా, సిరా పొదుపుచేయు త్వరితముద్రణను ఎంచుకొంటిమా యని చూడవలెను. పిదప యంత్రములో పెట్టిన కాగితమును, యంత్రమునకు చెప్పిన కాగితపుపేరును సరిపోవునా, పూతగల ముఖమే పైకున్నదా యని చూడవలెను. మూడవది పరీక్షపత్రము. మెట్లు విరిగినచో నోళ్ళు కడిగి, నాననిచ్చి, మరల పరీక్షింపవలెను. మెట్లన్నియు నుండియు రంగు పలుచగా నున్నచో సిరావైపు చూడవలెను: గడువు తీరినదా, అడుగున పేరుకొన్నదా. ముద్రణ మొదట నిండుగా నుండి పోను పోను పలుచబడినచో గొట్టములలో గాలి చేరినదేమో చూడవలెను. ముద్రించు తలను మార్చుట కట్టకడపటి మాట. మా యువకుడు నడుమనుండి మొదలుపెట్టెను. ఒక క్రొత్తడబ్బా వృథాగా విప్పెను.

ఇది పుట్టుకతోనే పలుచనైన ముద్రణ మాట. నిండుగా పుట్టి తరువాత వెలియునది వేరొకటి. 1991లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు గ్రాహం నాష్ అను గాయకుడు నాష్ ఎడిషన్స్ అను ముద్రణశాలను నెలకొల్పి, ఐరిస్ అను యంత్రముతో కళాచిత్రములను పెద్దకాగితములపై ముద్రింపసాగెను. అది సిరా నిత్యము పారు జాతి యంత్రము. కాని అచ్చునకు ముందు రంగుల నమూనా చూచుకొనుటకై దానిని నిర్మించిరి. నమూనా కొద్దినాళ్ళు నిలిచిన చాలును. కావున దాని తొలిసిరాలు వెలుతురునకు ఓర్వక వెలిసినవి. రంగుచిత్రముల మన్నికను పరీక్షించుచుండిన హెన్రీ విల్హెల్మ్ 1993లో దానిపై గొప్ప గ్రంథమును వెలువరించెను. అటుపిమ్మట ఈ సిరాల పరీక్షయు ముమ్మరమైనది. 2000 సంవత్సరమున కొన్ని క్రొత్తచిత్రములు వెలుతురు తగులకయే నారింజవన్నెకు తిరిగినవి. గాలిలోని ఓజోను నీలిరంగును హరించుటయే అందుకు కారణము. అందుచే మన్నిక కోరువారు నీట కరగు రంగులను వదలి, మెత్తని రంగుపొడి కలిపిన సిరాలను ఎన్నుకొనుచున్నారు. ఇవి ఎక్కువకాలము నిలుచును. కాని సున్నపునీటిలో సున్నమువలె పొడి అడుగునకు దిగును, నోటియొద్ద గట్టిగా అంటుకొనును. ఒక వెలియుటను తప్పించుకొన్నచో రెండవదాని విషయమున మరింత మెలకువ కావలసివచ్చును.

మా క్రొత్తపటములో నీలిగీత వాగునుండి చెరువువరకు తెగక వచ్చినది. అది ఆసామి చేని తూర్పుగట్టు వెంటనే పోయినది. ఆయన దానిమీద వ్రేలు పెట్టి, గట్టు దాటి నిదానముగ చివరివరకు నడిపించెను. "ఉన్నది మాస్టారూ, నేను చూడనిది అన్నాను గాని, లేనిది అనలేదు" అనెను. తిరిగివచ్చి రచ్చబండమీద రెండు పటములను, పరీక్షపత్రమును, అసలును ప్రక్కప్రక్కన పరచితిమి. ఆయనను నిందించినవాడు పరీక్షపత్రమును చాలసేపు చూచి, ఆయనకు చోటిచ్చి ప్రక్కకు జరిగెను. క్షమాపణ మాటలేవియు నేను వినలేదు. ఆ వేసవిలోనే సర్వేయరును పిలిపించి కొలత వేయించితిమి; కాలువ పని మొదలైనది.

పెద్దలారా! హద్దులనుగాని, నీటిదారులనుగాని చూపు పటమునకు ప్రతి తీయించినచో, అదే దినమున అదే యంత్రముమీద తీసిన పరీక్షపత్రమును కూడ అడిగి తీసికొనుడు. దానిమీద తేదీ వ్రాసి పటముతో కలిపి యుంచుడు. అసలును ఎవరియొద్దను విడిచిరావలదు. హక్కు తేలవలసిన చోట రంగుల ప్రతిని నమ్మక, సర్వే కార్యాలయము ధ్రువపరచిన ప్రతిని తెప్పించుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగ, కాగితములో గీత కానరాలేదని తోటివానిని అబద్ధీకుడనుటకు ముందు, ఆ కాగితము నోరు ఎండలేదుగదా యని ఒక్కమారు చూడుడు.

సెలవు.